పాట కావాలి, పాడే పిల్ల వద్దు

పోయిన ఆదివారం మా చుట్టాలింట్లో గృహప్రవేశం. వ్రతం, భోజనాలు అన్నీ అయ్యాక ఆడవాళ్ళందరం మేడమీద గదిలో నడుం వాల్చాం. కింద హాల్లో కీబోర్డు పెట్టుకుని ఒకబ్బాయి, మైకు పట్టుకుని ఒకమ్మాయి పాత పాటలు పాడుతున్నారు. వచ్చినవాళ్ళకి కాలక్షేపంగా ఉంటుందని మాట్లాడి తెచ్చారట. ఆ అమ్మాయి సుశీల పాట ఒకటి ఎత్తుకోగానే గదిలో కబుర్లన్నీ ఆగిపోయాయి. నాకు వరసకి పిన్ని అయ్యే ఒకావిడైతే కళ్ళు మూసుకుని తొడమీద తాళం కూడా వేసింది.

పాట అయిపోయింది. పిన్ని కళ్ళు తెరిచి నావైపు తిరిగింది.

"అవునే, మీ అమ్మాయి హోటళ్ళలో గిటార్ వాయిస్తోందటగా? ఎవరో ఫోన్లో చూపించారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు అవన్నీ అడ్డం వస్తాయి తల్లీ. ఆ వీడియోలు తీయించెయ్యి."

నేను నవ్వి ఊరుకున్నాను. నోట్లో కిళ్ళీ ఉంది, అదో సాకు. నిజానికి అలా నవ్వి ఊరుకోవడం నాకు ఇది మొదటిసారి కాదు. మొదటిసారి ఊరుకున్నప్పుడు ఏం జరిగిందో తెలుసు కాబట్టే ఇంటికొచ్చి, గిన్నెలు కూడా తోమకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది రాజమండ్రి. మా ఊరి దేవీచౌక్ దసరా గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ హరికథలు, బుర్రకథలు, నాటకాలు, కచేరీలు అన్నీ చూస్తూ పెరిగాం. కానీ నాకు పిచ్చి పట్టించినవి మాత్రం వీధి పందిళ్ళలో, వినాయకచవితికీ శ్రీరామనవమికీ పెట్టే ఆర్కెస్ట్రాలు. సాయంత్రం ఆరింటికల్లా చాప పట్టుకెళ్ళి పరిచేసి, మా తమ్ముణ్ణి దానిమీద కూలేసి వచ్చేదాన్ని. ఎనిమిదింటికి వ్యాను వచ్చేది. స్పీకరు పెట్టెలు దింపుతుంటే చూడటమే ఒక పండగ. తబలా, డోలక్, కాంగో, రెండు గిటార్లు, కీబోర్డు. రిథమ్ ప్యాడ్లు కొత్తగా వచ్చిన రోజులు, ఒక్క మనిషి కర్రలతో కొడితే పదిరకాల చప్పుళ్ళు వచ్చేవి, పిల్లలందరం స్టేజీ కింద చేరి అదే చూసేవాళ్ళం. ఆ తర్వాత "హలో, మైక్ టెస్టింగ్" ఒక అరగంట. కుయ్‌మని కూత. అప్పుడు వినాయకుడి పాట.

మధ్యమధ్యలో చదివింపులు. ఫలానా వీధి ఫలానావారు ఈ పాట మెచ్చి పదిరూపాయలు బహుమతి అని యాంకరు చదివేవాడు. పదిరూపాయలకి పేరు మైకులో వస్తుందంటే ఎవరు మాత్రం ఆగుతారు! నోటుతోపాటు చీటీ కూడా పంపేవారు, ఫలానా పాట పాడమని. ఆడవాళ్ళ వైపునుంచి వెళ్ళే చీటీలన్నీ మా పెద్దమ్మ చేతిమీదుగానే. మా పెద్దమ్మ ఎప్పుడూ ముందు వరసే.

ఆ చీటీలన్నీ వెళ్ళేది ఒక్కరికే. ఆవిడ పేరు రాయను, ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. అప్పుడూ అక్క అనేదాన్ని, ఇక్కడా అక్కే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మా వెనక వీధే. జానకి పాటలో చిన్నపిల్ల గొంతు వస్తుంది చూడండి, అది కూడా అచ్చం దింపేసేది. ఒళ్ళో ఒక పొడుగాటి లెక్కల పుస్తకం. అందులో నల్ల సిరాతో పాటలు, ప్రతి పాట నెత్తిమీద ఎర్ర సిరాతో ఏ స్కేలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో. పక్కన ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. తొమ్మిదింటికి మొదలెడితే ఒంటిగంట దాకా, నాలుగు గంటలు. మగ గొంతులు ముగ్గురు వంతులు వేసుకునేవారు. ఆడ గొంతు అక్క ఒక్కతే. డ్యూయెట్ పాడే ఆడపిల్ల లేని ఆర్కెస్ట్రాని ఎవరు పిలుస్తారు చెప్పండి? బృందం మొత్తానికి కూడు పెట్టేది ఆ ఒక్క గొంతే.

ప్రోగ్రాం అయ్యాక అదే వ్యానులో, స్పీకర్ల మధ్య ముడుచుకుని పడుకుని వచ్చేది. పక్క ఊళ్ళయితే తెల్లవారుజాము మూడయ్యేది. వీధి మొదట్లో వాళ్ళ నాన్న టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉండేవాడు. నేను పరీక్షలకి లేచి చదువుకుంటూ కిటికీలోంచి ఆ లైటు చాలాసార్లు చూశాను.

నేను అక్క వాళ్ళింటికి పాటలు రాసుకోవడానికి వెళ్ళేదాన్ని. మా అన్నయ్య, అంటే మా పెదనాన్నగారబ్బాయి, సైకిలు మీద వెళ్ళగలిగినంత దూరంలో ఏ ప్రోగ్రాం జరిగినా వెళ్ళేవాడు. మొదట్లో పాటకోసమే. తర్వాత తర్వాత పాటకోసం కాదని ఇంట్లో అందరికీ అర్థమైంది. 1996లో అనుకుంటా, నాకు పదిహేడేళ్ళు, అన్నయ్య ధైర్యం చేసి అడిగేశాడు. వాళ్ళూ మావాళ్ళే. జాతకాలు కూడా చూపించారు, కుదిరాయి. అయినా మా పెద్దమ్మ ఒక్కమాట అంది, "ఆర్కెస్ట్రాలో పాడే పిల్లని ఇంటికి తెచ్చుకుంటామా?"

ఎవరన్నారో చూడండి. వారం క్రితం చీటీ పంపి, జానకి పాట పాడించుకుని, పదిరూపాయలు చదివించిన మనిషి!

అక్కడితో ఆగలేదు. మా నానమ్మ నన్ను పిలిచి అందరి ముందూ అడిగింది. "నువ్వు వాళ్ళింటికి వెళ్తావుగా, ఆ పిల్ల ఎలాంటిదే?" అని. చెప్పడానికి నాదగ్గర చాలా ఉంది. పొద్దున్నే లేచి తమ్ముళ్ళకి అన్నం వండి బడికి పంపుతుందనీ, వాళ్ళ నాన్న మందులు ఆవిడ పాటలతోనే వస్తున్నాయనీ, వ్యానులో వచ్చే మగపిల్లలందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారనీ. అన్నయ్య నావైపే చూస్తున్నాడు. నేను "నాకు తెలీదు" అన్నాను. ఎందుకన్నాను? అవును మంచిదే అంటే, నువ్వూ అలాంటిదానివే, అందుకే వెళ్తున్నావు అంటారేమోనని. అదీ భయం.

సంబంధం అక్కడే పోయింది. అన్నయ్యకి వేరే పెళ్ళయింది, మా వదిన బంగారం లాంటి మనిషి, ఆ సంగతి వేరు. అక్కకి ఇంకో ఊరి సంబంధం కుదిరింది, పాట మానెయ్యాలన్న షరతు మీద.

సరిగ్గా ఆ ఏడాదే ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది. గుర్తుందా? బాలుగారు పిల్లలకి తప్పులు దిద్దుతూ, మెచ్చుకుంటూ చెబుతుంటే ఊళ్ళో ఉన్న తల్లులందరూ తమ పిల్లల్ని సంగీతం మాస్టారి దగ్గరికి తోలారు. మా పెద్దమ్మ కూడా నన్ను "నువ్వూ పాడితే టీవీలో వచ్చేదానివి" అని సాధించింది. ఆ టీవీలో ఆడపిల్లలు పాడినవీ సినిమా పాటలే. అక్క పాడినవీ అవే. ఇద్దరూ మైకు పట్టుకుని నలుగురి ముందూ నిలబడే పాడారు. మరి తేడా ఎక్కడుంది? వీధి పందిట్లో పాడే పిల్ల రాత్రి వ్యానులో మనకి తెలిసిన వీధిలోనే దిగుతుంది. మన పక్కింటి పిల్ల, సంపాదిస్తున్న పిల్ల. మన కళ్ళు కుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

ఇది ఈనాటిది కాదు లెండి. బెంగుళూరు నాగరత్నమ్మగారి గురించి చదివే ఉంటారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమైపోతుంటే, తన సొంత ఆస్తి ఖర్చుపెట్టి అక్కడ గుడి కట్టించారు, 1920ల్లో. కట్టించిన మనిషికి అక్కడి ఆరాధనలో పాడే హక్కు లేదు. ఆడది, అందులోనూ దేవదాసి. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, ఆడవాళ్ళని కూడగట్టి సమాధి వెనకపక్కన వేరే కచేరీ పెట్టించారు. 1940ల్లోకి వస్తేగానీ అందరూ కలిసి పాడటం కుదరలేదు. అంతకుముందు 1910లో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం పూర్తిగా అచ్చువేయించిందీ ఆవిడే. ఆ కావ్యం ఆడవాళ్ళు వినకూడనిదని దుమ్మెత్తిపోసింది ఎవరనుకున్నారు, మా రాజమండ్రి వీరేశలింగంగారు. ఆడవాళ్ళకి ఆయన చేసిన మేలు తలుచుకోకుండా పూట గడవదు మాకు. అంత మహానుభావుడికే ఆడదాని నోట్లో ఏముండాలో తానే తేల్చాలనిపించింది. ఇక మా పెద్దమ్మెంత!

త్యాగరాజ కీర్తనలు మనం ఈరోజు పిల్లలకి ముచ్చటగా నేర్పిస్తున్నాం కదా. ఆ సంగీతాన్ని తరతరాలుగా గొంతులో దాచుకుని తెచ్చినవాళ్ళలో ఎందరు ఎలాంటి ఇళ్ళ ఆడవాళ్ళు? పాటని లోపలికి తెచ్చుకుని, పాడినావిణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం మనకి ఎప్పట్నుంచో అలవాటు. "పాటకత్తె" అనే మాట ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఎలా పలుకుతారో గమనించండి. పాటగాడు అంటే ఆ వంకర ఉండదు.

సరే, మా అమ్మాయి సంగతికొస్తాను.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ముగ్గురు మగపిల్లలు, ఇది, నలుగురూ కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. వాయించేది బాస్ గిటార్. లావుపాటి తీగలు నాలుగుంటాయి. చప్పుడు పెద్దగా వినపడదు, మరెందుకే అని మొదట్లో విసుక్కునేదాన్ని. "సాంబార్లో ఇంగువలాంటిదమ్మా, ఉంటే ఎవరికీ తెలీదు, లేకపోతే తెలుస్తుంది" అంది. నాకర్థమయ్యేట్టు చెప్పడం దానికి తెలుసు. రెండు పాటలకి గొంతు కూడా కలుపుతుంది. సొంత పాటలు, తెలుగులో.

నేను మొదట దీనికి కాపలాగా వెళ్ళాను, అబద్ధం ఎందుకు. తర్వాత అది లేకపోయినా వెళ్ళడం మొదలుపెట్టాను. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది కదా, 2010 నుంచీ నడుస్తోంది. అక్కడ ఆరుబయట మెట్లమీద కూర్చుని, చేతిలో టీ, సమోసా పెట్టుకుని నేను విన్నన్ని రకాల సంగీతం నా మొత్తం కాపురంలో వినలేదు. గజళ్ళు, కబీరు, జానపదాలు, ఇంకా మీసాలు రాని పిల్లలు రాసుకున్న పాటలు. బెంగుళూరు బ్యాండు అగమ్‌ని వినడానికి ఒకసారి వెళ్ళాం. త్యాగరాజ కీర్తనకి డ్రమ్ములేమిటి, ఖర్మ అనుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలయ్యేసరికి నేనే లేచి నిలబడి ఉన్నాను. పక్కన మావారు "కూర్చో, వెనకవాళ్ళకి అడ్డం" అంటున్నారు. వెనకవాళ్ళు కూడా నిలబడే ఉన్నారు.

ఇంట్లో యూట్యూబ్ ఉందిగా, అంత దూరం ఎందుకు అంటారు కొందరు. నిజమే, ఇంట్లో నేనూ వింటాను, కూర తరుగుతూ, కుక్కరు కూతల మధ్య సగం సగం. అక్కడ అలా కాదు. డ్రమ్ము కొడితే మన డొక్కలో తెలుస్తుంది. తీగ తెగితే ఆ పిల్లవాడి మొహంలో కంగారు చూస్తాం, మిగతావాళ్ళు ఎలా సర్దుకుంటారో చూస్తాం. నలభై మంది వింటే ఆ నలభై మందిలో నేనొకదాన్ని, నేను లేకపోతే ముప్ఫైతొమ్మిది. మా వీధి పందిరి తర్వాత నాకు ఆ లెక్క మళ్ళీ దొరికింది ఇక్కడే.

మా అమ్మాయి వాయిస్తుంటే వెనకాల, సౌండు చూసుకునే అబ్బాయి పక్కన నిలబడతాను. చేతిలో దాని గిటారు సంచీ, భుజానికి నా హ్యాండ్‌బ్యాగు. ఒకసారి ఎవరో మేనేజరు అనుకున్నారు. అక్కడా చీటీలొస్తాయి తెలుసా! సొంత పాట మధ్యలో ఉండగానే ఫోన్లో ఏదో సినిమా పాట పేరు టైపు చేసి, పైకెత్తి చూపిస్తారు. మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

నచ్చనివి లేవని అనను. ఏడింటికి అని రాసి ఎనిమిదిన్నరకి మొదలుపెట్టేవాళ్ళంటే ఒళ్ళు మంట. చాలా షోలు మందు అమ్మేచోటే జరుగుతాయి, ఎందుకంటే వందమంది పట్టే చిన్న హాలు తక్కువ అద్దెకి దొరకదు. అలాంటిచోటికి మనలాంటివాళ్ళం వెళ్ళం, వెళ్ళం కాబట్టి ఆ చోటు ఎప్పటికీ మనకి తగినట్టు మారదు. డబ్బుల సంగతి ఇంకా అన్యాయం. ఒక కేఫ్‌వాళ్ళు "డబ్బులెందుకమ్మా, పేరొస్తుంది కదా" అన్నారు పిల్లలతో. పేరు తూకం వేస్తే మా కొట్టువాడు కందిపప్పిస్తాడా? రాత్రి తిరిగి రావడానికి ఆడపిల్లకి బండి ఏర్పాటు చెయ్యాలన్న ఆలోచన కూడా లేదు చాలామందికి. అక్కకి కనీసం వ్యాను ఉండేది.

కానీ ఇవన్నీ సరిచెయ్యాల్సిన లోపాలు. పిల్లని ఇంట్లో కూర్చోపెట్టడానికి కారణాలు కావు. ఆ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళతోనే నా తగువు.

"అర్ధరాత్రి దాకా ఏమిటి" అంటారు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం, పండగల్లాంటి కొన్ని రోజులు తప్పిస్తే, రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. లామకాన్ లాంటిచోట షో పదిలోపే అయిపోతుంది. సరే, అర్ధరాత్రే అనుకుందాం. మన పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అమెరికా టైముకి పనిచేసి తెల్లవారి క్యాబుల్లో దిగుతుంటే అందరికీ గర్వంగా చెప్పుకోవట్లేదూ? నర్సులు రాత్రి డ్యూటీ చెయ్యట్లేదూ? చీకటి ఒక్కటే. మనకి చీకటితో పేచీ లేదు.

"నలుగురు మగాళ్ళు చూస్తారు" అంటారు. పెళ్ళికి ముందురోజు సంగీత్ అని కొత్తగా నేర్చుకున్నాం కదా, అందులో అత్తలు, ఆడపడుచులు, పెళ్ళికూతురు సహా సినిమా పాటలకి డాన్సులు చేస్తుంటే డ్రోనుతో వీడియో తీయించుకుంటున్నాం. ఆ వీడియోలు సంబంధాలకి అడ్డం రావు!

ఇంకోటి, ఇది మాత్రం నాకు బాగా మండుతుంది. చౌరస్తా బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు సినిమాలో చిట్టి పాట పాడాక, మా చుట్టాల్లో ప్రతివాళ్ళూ "చూడు, చిన్న బ్యాండు పెట్టుకుని ఎంత పైకొచ్చాడో" అన్నవాళ్ళే. నిజంగా పైకొచ్చాడు, చాలా సంతోషం, మా అమ్మాయికి వాళ్ళంటే ప్రాణం. అదే బ్యాండులో మగపిల్లాడైతే "కష్టపడుతున్నాడు", ఆడపిల్లైతే "హోటల్లో వాయిస్తోంది".

2013లో ఒక వార్త వచ్చింది. శ్రీనగర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు ప్రగాష్ అని బ్యాండు పెట్టుకున్నారు. 2012 డిసెంబరులో ఒక పోటీలో వాయించి బహుమతి కూడా తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో బూతులు, బెదిరింపులు. అక్కడి పెద్ద ముఫ్తీ తప్పని ఫత్వా ఇచ్చారు. ఫిబ్రవరికల్లా పిల్లలు గిటార్లు పక్కన పడేశారు. ఆ వార్త చదివి మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళందరం ఎంత బాధపడ్డామో. పాపం అక్కడ ఆడపిల్లలకి స్వేచ్ఛ లేదు అని ఒకటే జాలి. వింటూ నేనూ తలూపాను. రాజమండ్రిలో మాకు ఫత్వా ఇవ్వడానికి ఏ ముఫ్తీ అక్కర్లేకపోయింది. ఒక పెద్దమ్మ, ఒక నానమ్మ, "నాకు తెలీదు" అన్న ఒక పదిహేడేళ్ళ పిల్ల సరిపోయారు.

నేనెందుకు మగవాళ్ళని తిట్టకుండా మనల్నే అంటున్నానో అర్థమైందనుకుంటాను. అక్క విషయంలో మా పెదనాన్నగారు "మీ ఇష్టం" అన్నారు. మా నాన్న అసలు పేపరు దించలేదు. తీర్పు చెప్పింది మేమే. మొన్న గృహప్రవేశంలో వీడియో గురించి ఎత్తింది ఆడవాళ్ళే. పెళ్ళిచూపుల్లో "సంగీతం వచ్చా అమ్మా" అని అడిగేది మనమే, వచ్చని పాడితే మురిసిపోయేది మనమే, పెళ్ళయ్యాక హార్మోనియం అటకెక్కించేదీ మనమే. కోడలి పాట కావాలి, అది వంటింటి కిటికీ దాటకూడదు. కాలనీలో వరలక్ష్మీవ్రతానికి ఊరికే పాడితే భక్తి. అదే పాటకి ఎవరైనా వెయ్యి రూపాయలిస్తే తీసుకోవడం తప్పా? ఏమండీ, మన ఇంట్లో శుభకార్యానికి పురోహితుడికి ఇస్తాం, వంటవాళ్ళకి ఇస్తాం, సన్నాయివాళ్ళకి ఇస్తాం. డబ్బు ముట్టుకుంటే మైలపడేది ఆడగొంతు ఒక్కటేనా?

మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళికి రాజమండ్రి వెళ్ళినప్పుడు అక్కని చూశాను. చీర ఫాల్ కుట్టించుకోవాల్సొస్తే ఎవరో ఇల్లు చూపించారు, తలుపు తీసింది ఆవిడే. నన్ను గుర్తుపట్టింది. కాఫీ ఇచ్చింది. భర్త పోయి ఆరేళ్ళయిందట, కొడుకు చెన్నైలో. ఏవేవో మాట్లాడాక, అడగకుండా ఉండలేక అడిగాను, "పాడుతున్నావా అక్కా?"

"ఎక్కడమ్మా. గొంతు బిగుసుకుపోయింది."

"ఆ పాటల పుస్తకం ఉందా?"

"ఉంది" అని కుట్టుమిషను సొరుగులోంచి తీసింది. అదే పుస్తకం. నల్ల సిరా, ఎర్ర సిరా. తెల్లకాగితాలు చాలా మిగిలిపోయాయి కదా, వాటిలో ఫాల్స్ లెక్కలు రాసుకుంటోంది. ఎవరి చీర, ఏ రంగు, ఎంత బాకీ. నా చీర కూడా అందులోనే రాసుకుంది. నేను అప్పుడు చెప్పాలనుకున్నాను, ఆరోజు నన్ను అడిగారు, నేను తెలీదన్నాను అని. చెప్పలేకపోయాను. ముప్ఫై రూపాయలు ఎక్కువిస్తే తీసుకోలేదు.

కాబట్టి పిన్నీ, నువ్వు ఇది చదవవని తెలుసు, నీ కోడలు చదివి చెబుతుందని కూడా తెలుసు. వీడియోలు తీయించను. సంబంధానికి వచ్చినవాళ్ళు అడిగితే నేనే చూపిస్తాను. చూసి లేచి వెళ్ళిపోయేవాళ్ళు ముందే వెళ్ళిపోతే మాకు టిఫిన్ ఖర్చు మిగులుతుంది. మీరు, ఇది చదువుతున్న మిగతావాళ్ళు, మీ ఊళ్ళో ఎవరు పాడుతున్నా టికెట్టు కొని వెళ్ళండి. ఒక్కరే వెళ్ళాల్సొచ్చినా వెళ్ళండి, ముందు వరసలో కూర్చోండి. చీటీ పంపొద్దు, వాళ్ళ పాట వాళ్ళని పాడనివ్వండి. ఆ స్టేజీమీద ఆడపిల్ల ఉంటే, అయ్యాక దగ్గరికెళ్ళి బాగా పాడావమ్మా అనండి, ఎలా వెళ్తావు ఇంటికి అని అడగండి. మర్నాడు ఎవరైనా "ఆ పిల్ల ఎలాంటిది" అంటే, నాలాగా తెలీదనకండి.

నిన్న రాత్రి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో నేనే పెట్టాను. కింద రాశాను, "మా అమ్మాయే. బాస్ గిటార్. వచ్చే శనివారం సాయంత్రం ఆరున్నరకి ఉంది. టికెట్ మూడొందలు. చుట్టాలకి ఫ్రీ లేదు."

నలభై మందికి పైగా చూశారు. పొద్దున దాకా ఎవరూ పలకలేదు. ఏడింటికి అన్నయ్య రాశాడు, "నాకు రెండు తియ్యి."

వదిన కూడా వస్తోందట.